మట్టి పద్దు

బానీ నది వెనక్కి తగ్గింది.
ఒడ్డున మట్టి నెర్రెలిచ్చి
మాడిన రొట్టె అంచులా లేచింది.
కొబాసా మసీదుకి మొదటి తట్ట అక్కడే నిండింది.
రాసుకున్నాను: తట్ట, ఒకటి.
ఆ తర్వాత లెక్క నా చేతిలో లేదు.

ఈ పని నాకప్పజెప్పింది మేస్త్రీ బమూసా తెనపో.
"నీ కాలు వంకర, నీ అక్షరం సూటి.
కూర్చుని రాయి" అన్నాడు.
సంతలో కొన్న గళ్ళ పుస్తకం, నీలం కలం,
తుమ్మచెట్టు కింద జల్లెడ పట్టిన నీడ.

తాటిదూలాలు పడవల మీద దిగాయి,
ఎగువ నుంచి మూడు రోజుల దారి.
ఒక్కోదాన్ని వేలికణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు బమూసా
పుచ్చకాయ బేరమాడే ముసలమ్మలా.
పదకొండింటిని తిప్పి పంపేశాడు.
పడవవాడు తిట్టిన తిట్టు నేను రాయలేదు,
పద్దులో దానికి గడి లేదు.

గుంటల్లో మట్టి, మట్టిలో వరి ఊక,
ఆడవాళ్ళు సొరబుర్రలతో తెచ్చి పోసిన ఏటినీళ్ళు.
పిల్లలు మోకాటిలోతు దిగి తొక్కుతారు,
తొక్కుతూ కొట్టుకుంటారు,
కొట్టుకుంటూ ఇంకా బాగా తొక్కుతారు.
ఐదో రోజుకి వాసన లేచింది.
పదో రోజుకి మా అన్నంలోకొచ్చింది.
పద్దెనిమిదో రోజుకి మేం మరిచేపోయాం,
పొరుగూరి పెళ్ళివారు ముక్కులు మూసుకుని దాటిపోయేదాకా.
బమూసా రోజూ ఓ చిటికెడు నాలుక మీద వేసుకుంటాడు,
ఉమ్మేస్తాడు.
"ఇంకా పచ్చిగానే ఉంది."
పులియని మట్టి దేవుడి గోడకి ఎక్కదట.

బమాకో నుంచి లారీ వచ్చింది.
వర్తకుడు లాసినా సుంబునూ పంపిన సిమెంటు,
నలభై సంచులు, సంచి సంచికీ ఆయన పేరు.
బమూసా దీవించాడు, పొగిడాడు,
మంచి చోటు చూసి పేర్పించాడు,
ఆకాశం కింద.
ఆ రాత్రే అకాలపు మామిడివాన.
తెల్లారేసరికి నలభై బండ తలగడలు.
ముసలాళ్ళు ఇప్పుడు వాటి మీదే కూర్చుని
మా పనికి వంకలు పెడుతున్నారు.
రాశాను: సిమెంటు, నలభై. ఆసనాలు.

చీకటి పడ్డాక హురేయ్ కరాబెంతా వచ్చింది, నెత్తిన తట్టతో.
అందులోది ఏటిమట్టి కాదు.
పొగచూరి నల్లగా ఉంది, నడుమ ఓ చేపముల్లు.
"పోయిన వానకి కూలిన వంటింటి గోడ.
ముప్పై ఏళ్ళు నా పొయ్యిపొగ తాగింది.
పనికొస్తుందా?"
కాదంటాడనుకున్నాను.
బమూసా ఓ పెళ్ళ నలిపి నోట్లో వేసుకున్నాడు.
ఉమ్మలేదు. మింగాడు.
"పాతది కొత్తదాన్ని పట్టి ఉంచుతుంది.
ఇమాము నిలబడే గోడకి పెట్టండి."
ఆమె నవ్వలేదు, కళ్ళొత్తుకోలేదు.
తట్ట ఖాళీ చేసి ఇమ్మంది,
పొద్దున్నే చేపలకి కావాలట.

మర్నాడు బారులు తీరాయి తట్టలు.
గాదె అడుగు, దొడ్డి గోడ, పాలిపోయిన అరుగు.
సిదికి, యెల్ఫా అన్నదమ్ములిద్దరూ
తమ వాకిళ్ళ నడుమ తొమ్మిదేళ్ళ క్రితం లేపిన గోడని
చెరోవైపు నుంచీ తవ్వి మోసుకొచ్చారు,
అప్పుడు కూడా మాట్లాడుకోకుండానే.
ఏ వరసలో రాయను దీన్ని?
మట్టి అనా?
కలం సిరా ఆరిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను.

ఆఖరి తట్ట ఎక్కిన రోజున
అడుగున గీత కొట్టి మొత్తం వేయబోయాను.
బమూసా కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టాడు.
"వాన రాలేదింకా.
వచ్చి దాని వాటా అది కడుక్కుపోతుంది.
ఏటేటా మళ్ళీ మెత్తాలి. ఆ పేజీ వదిలెయ్."

వదిలేశాను.
పేజీ నడుమ అతని బొటనవేలు ఎండింది,
ఊకతో సహా.
ఇప్పుడు ఎంత నొక్కినా
ఆ పుస్తకం పూర్తిగా మూసుకోదు.